మూడో పాయ

మెరాన్, 3 ఫిబ్రవరి 1998

వీబ్కె అత్తా,

ఈ ఉత్తరంలో ఇంకో చిన్న కవరు ఉంది. దాన్ని తెరవకు. దీపానికి అడ్డంపెట్టి చూడకు. మా నాన్నకైతే అసలు చూపించకు. మీ తమ్ముడి సంగతి నీకు నేను చెప్పాలా?

విషయం ఇది. ఎలక్ట్రాన్నీ దాని ప్రతికణాన్నీ ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తే, ఆ చోటునుంచి కణాలు రెండు పాయలుగా చిమ్ముతాయి. ఒక్కోసారి మూడు పాయలుగా. పరమాణువు లోలోపలుండే క్వార్కులనే కణాలను ఒకదానికొకటి కట్టిపడేసే బలం ఎంత గట్టిదైతే, మూడో పాయ అంత తరచుగా వస్తుంది. మూడు పాయలవి వందకెన్నో లెక్కపెడితే ఆ బలం ఎంతో తేలుతుంది. రెండున్నరేళ్లుగా నా పని ఇదే. నువ్వు ల్యాబ్‌లో ఉన్నప్పుడు చేసిందీ ఇదే కదా. నువ్వు ఒక్కో ఢీకి గీసిన బొమ్మలు చూసి కళ్లతో లెక్కపెట్టావు, నేను కంప్యూటర్‌తో పెట్టిస్తున్నాను.

మా బృందంలో ఒక ఆచారం ఉంది. జవాబు ముందే కనబడితే మనిషి బుద్ధి వంకర తిరుగుతుందట. పుస్తకాల్లో ఉన్న అంకెకు దగ్గరగా వస్తే ‘బాగుంది’ అని తప్పులు వెతకడం మానేస్తారు. దూరంగా వస్తే, దగ్గరయ్యేదాకా వెతుకుతారు. అందుకని వేరే బృందంలో పనిచేసే పావోలా మా లెక్కలో ఒక రహస్య అంకెను కలిపేసింది. తెరమీద మాకు కనబడేది ఆ అంకె కలిసిన జవాబు. అసలు జవాబు ఎవరికీ తెలియదు. పావోలా ఆ అంకెను కాగితం మీద రాసి అంటించి, నా ఉత్తరంలో తనే పెట్టి పంపుతున్న కవరే ఇది. పనంతా ముగిశాక మే 15న నీకు ఫోన్ చేస్తాం. నువ్వు తెరిచి చదువుతావు, మేం దాన్ని తెరమీది జవాబులోంచి తీసేస్తాం. ఈలోగా మాలో ఒక్కరి చేతికి ఈ కవరు వచ్చినా మా లెక్క చెల్లదు.

పోయినసారి కవరు మా పెద్దాయన లోరెటాన్ గారి సొరుగులో ఉంటే, అందరూ ఆ గది చుట్టూ పిల్లుల్లా తిరిగారు. ఈసారి ఆయనే అడిగారు, "బతిమాలినా కరగని మనిషి ఎవరైనా ఉన్నారా?" అని. స్కాట్ పేకాట ఆడేటప్పుడు సొంత తమ్ముడికి కూడా పేకముక్క అంచు కనబడనివ్వని మా మేనత్త ఉందని చెప్పాను.

ఒక్క సందేహం. ఆ రోజుల్లో మూడు పాయల్ని మూడని ఏ లెక్కన తేల్చేవాళ్లు? రెండోది కాస్త లావుగా ఉంటే రెండనా, మూడనా?

నీ ఇమ్కె

ట్యోనింగ్, 10 ఫిబ్రవరి

ఇమ్కె తల్లీ,

కవరు చేరింది. బట్టల బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టాను. ఉత్తరాలావిడ సంతకం పెట్టించుకుంటుంటే పక్కింటి నొమ్మెన్‌సెన్ గోడమీదికి మెడ చాచి "వీలునామానా?" అన్నాడు. "అవునండీ, మీ పేరు లేదు" అన్నాను. ఆ మనిషి మూడు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇక్కడ వారంనుంచి ఒకటే గాలి. రొయ్యల పడవలు రేవు దాటలేదు. మీ నాన్న పనిలేక వచ్చి నా వంటగదిలో కూర్చుని, కాఫీలో నేను రమ్ము తక్కువ పోస్తున్నానని సణుగుతున్నాడు.

నీ సందేహం చూశాను. మూడు కనబడితే మూడు, లేకపోతే రెండు. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. నచ్చిన అంకె వచ్చేదాకా వెతుకుతారని రాశావే, అది నీకెవరు చెప్పారు? ఎవరి గురించి చెప్పారు?

మేనత్త

మెరాన్, 18 ఫిబ్రవరి

అత్తా,

ఎవరి గురించీ కాదు, అందరి గురించీ. నిన్న భోజనాల దగ్గర లోరెటాన్ గారు పాత కొలతలన్నీ బోర్డు మీద వరసగా గీశారు. 1980 నాటివి చూస్తే ఒకే ఎత్తులో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకున్నట్టు నిలబడ్డాయి. ఇప్పటి అంకెలు వాటికి బాగా కిందున్నాయి. "అప్పట్లో లెక్క కుదిరేదాకా లెక్కపెట్టేవారమ్మా, కుదరగానే కాఫీ తాగేవారు" అన్నారాయన. అందరం నవ్వాం. మా అత్త కూడా ఆ కాఫీ తాగినవాళ్లలో ఒకతె అని చెప్పాను. ఆయన చాలా సంతోషించి, నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

ఇక్కడా గాలే. సరస్సు ఒడ్డున బెంచీలన్నీ మంచు పెంకు కట్టాయి. మా ఇంటావిడ నాకు రోజూ కరిగించిన చీజ్ పెట్టి లావు చేస్తోంది.

నీ ఇమ్కె

ట్యోనింగ్, 27 ఫిబ్రవరి

కుమారి ఇమ్కె పెటర్సెన్ గారికి,

మీ కవరు ఇందులో వెనక్కి పంపుతున్నాను. దాన్ని దాచడానికి తగిన మనిషిని నేను కాను. ఎందుకు కానో చెప్పి ఊరుకుంటాను.

1980 శరదృతువులో బొమ్మలు చూసే గదిలో ఏడుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లం. ఏడుగురికీ అవే వెయ్యి బొమ్మలు ఇచ్చారు. ఒకరి లెక్క ఒకరికి చెప్పకూడదు, అది నియమం. నాకు మూడు పాయలవి అరవై ఒకటి వచ్చాయి. కాగితం తీసుకెళ్లి డాక్టర్ హార్‌బెక్‌కిచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. నా పుట్టినరోజుకు కేకు తెచ్చినవాడు. "ఫ్రావు పెటర్సెన్, మీరు అలిసిపోయినట్టున్నారు. మిగతావాళ్లకు డెబ్బై ఎనిమిది దాకా వస్తోంది. ఇంకోసారి చూడండి" అన్నాడు. చూశాను. డెబ్బై వచ్చింది. "చూశారా, ఎన్ని వదిలేశారో" అన్నాడు. మూడోసారి డెబ్బై ఎనిమిది వచ్చింది. అప్పుడు ఆపాం. అవును, కాఫీ కూడా తాగాం.

ఆ పదిహేడు బొమ్మల్లో మూడో పాయ నాకు నిజంగా కనబడిందో, కనబడాలని చూశానో పద్దెనిమిదేళ్లుగా నాకు తెలియదు. మిగతా ఆరుగురికీ సరిగ్గా కనబడింది నాకే కనబడలేదంటే నా కళ్లు పనికిరానివి. కనబడకపోయినా కనబడిందన్నానంటే నేను పనికిరానిదాన్ని. ఈ రెండింటిలో ఏదో ఒకటి కదా. ఆ తర్వాత ఇరవై వేల బొమ్మలు చూశాను, ఒక్కదాన్నీ నమ్మి చూడలేదు. దీని మీద మీరు భోజనాల దగ్గర నవ్వుకున్నారు. నవ్వుకోండి.

వీబ్కె పెటర్సెన్

మెరాన్, 5 మార్చి

అత్తా, కొంప ముంచావు.

నీ ఉత్తరం లావుగా వచ్చింది. వేలితో నొక్కితే లోపల గట్టిగా ఇంకో కవరు తగిలింది. నా ప్రాణం పోయింది. విప్పకుండా పటకారుతో పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని లోరెటాన్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పావోలాను పిలిపించారు. ఆవిడ అన్ని అంచులూ భూతద్దంతో చూసి "చింపలేదు. లోపలి కవరు బయటికి రాలేదు. ఇలాగే తిరిగి వెళ్లిపోవాలి" అంది. ఆమె ముందే పెద్ద కవరులో పెట్టి అంటించాం. ఇదిగో, అలాగే పంపుతున్నాను.

కాబట్టి నువ్వు రాసింది నేను చదవలేదు. ఒక్క ముక్క కూడా. లోపలి కవరు తీసి మళ్లీ దుప్పట్ల కిందే పెట్టు. రాసినదేదో వేరే కాగితం మీద రాసి పంపు. తిట్టి ఉంటే తిట్లు కూడా.

కవరు ఎందుకు తిప్పి పంపావో నాకు అర్థం కాలేదు. దాచడం భారంగా ఉందా? నొమ్మెన్‌సెన్ ఏమైనా గొడవ చేస్తున్నాడా?

నీ ఇమ్కె

ట్యోనింగ్, 13 మార్చి

ఇమ్కె తల్లీ,

కవరు మళ్లీ దుప్పట్ల కిందికి చేరింది. కంగారు పెట్టినందుకు ఏమీ అనుకోకు. ఆ ఉత్తరంలో పెద్దగా ఏమీ లేదు, మోకాళ్ల నొప్పులు, మీ నాన్న సణుగుడు. మళ్లీ రాయడం దండగ.

గాలి తగ్గింది. పడవలు వెళ్లాయి. నిన్న మూడు గంటలు కూర్చుని రెండు కిలోల రొయ్యలు ఒలిచాను.

మేనత్త

మెరాన్, 24 మార్చి

అత్తా,

మోకాళ్లు నొప్పైతే కుమారి గారూ అని పైన ఎవరూ రాయరు. చదవలేదు గానీ, కవరు మీద చిరునామా చూశాను కదా. నీ చేత్తో నా పేరుకి ‘కుమారి’ తగిలించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నీకు కోపం వచ్చింది, ఎందుకో చెప్పడం లేదు. కవరు దాచే పని నీకు చిన్నతనంగా అనిపించిందేమో అనుకుంటున్నాను. అంత అనుభవమున్న మనిషికి బీరువా కాపలా అప్పజెప్పాను.

అందుకే అసలు పని అడుగుతున్నాను. ఈ పార్సిల్‌లో మూడో పాయ ఉండొచ్చనిపించేవి ఎంచి తీసిన నాలుగు వందల బొమ్మలున్నాయి. మా కంప్యూటర్ వీటిలో మూడు పాయలవి ఎన్నో తేల్చింది. అది కుదురుగా చూసిందో లేదో మనిషి కన్నుతో సరిచూడాలి. ఇక్కడున్న కుర్రాళ్లెవరికీ బొమ్మ చూసి చెప్పే అలవాటు లేదు. నేను చూద్దామంటే కంప్యూటర్ జవాబు నాకు ముందే తెలుసు. నీకైతే తెలియదు. లోరెటాన్ గారితో చెబితే "ఆమెనే అడుగు, ఇంకెవరున్నారు?" అన్నారు.

నీ ఇమ్కె

ట్యోనింగ్, 2 ఏప్రిల్

ఇమ్కె,

పార్సిల్ వంటబల్ల మీదే ఉంది. తాడు విప్పలేదు. మీ నాన్న దానికి అటువైపు కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

చేస్తాను. కానీ ముందు ఒక్క మాట చెప్పు. మీకు ఎంత రావాలి? సుమారుగా చెప్పినా చాలు. ఎనభైకి పైనా, కిందా? అది తెలిస్తే నేను ఎక్కడ జాగ్రత్తగా చూడాలో చూస్తాను. మా రోజుల్లో చెప్పేవాళ్లు.

నన్ను పరీక్ష చేయడానికి పంపావేమోనని కూడా ఒక అనుమానం. మీ పెద్దాయన బోర్డు మీద గీసిన గీతల్లో నాదీ ఒకటుంది మరి.

మేనత్త

మెరాన్, 8 ఏప్రిల్

అత్తా,

చెప్పను.

ఎంత రావాలో మాకే తెలియదు. నీకెంత వస్తే అంత. నలభై వస్తే నలభై, నూట ఇరవై వస్తే నూట ఇరవై. కంప్యూటర్‌తో కలవకపోతే తప్పు కంప్యూటర్‌దని మొదలుపెడతాను, నీదని కాదు. రెండోసారి చూడమని ఎవరూ అడగరు. నిన్ను పరీక్ష చేసేంత మొనగాళ్లం కాదు మేము. ఆ కంప్యూటర్‌ను పరీక్ష చేయడానికి నిన్ను పిలిచాం.

ఒక్కసారే చూడు, రాసెయ్, పోస్టులో పడెయ్.

నీ ఇమ్కె

ట్యోనింగ్, 21 ఏప్రిల్

ఇమ్కె తల్లీ,

ఎనభై నాలుగు.

కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఉదయం వెలుతురున్నంతసేపూ చూస్తూ ఆరు రోజులు పట్టింది. మొదటి రోజు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగిపోయాను. ఎంత రావాలో తెలియకుండా బొమ్మ చూడ్డం, వీధిలో బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. ప్రతి బొమ్మకీ వెనక ఎవరో నిలబడి ‘ఇంకోసారి చూడండి’ అంటారేమోనని చెవి అటే పోయేది. ఎవరూ అనలేదు. మీ నాన్న ఒక్కడే వచ్చి "కాఫీ ఏదీ?" అన్నాడు. మూడో రోజునుంచి బొమ్మలు మాత్రమే కనబడ్డాయి. మూడున్నచోట మూడు, రెండున్నచోట రెండు. కొన్నిచోట్ల తెలియలేదు. అక్కడ తెలియలేదనే రాశాను. అవి పదకొండు, లెక్కలో కలపలేదు. అలా రాయొచ్చని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

ఇక రెండో సంగతి. ఫిబ్రవరి ఉత్తరంలో మోకాళ్ల నొప్పులని అబద్ధమాడాను. ఆ ఉత్తరం మళ్లీ ఇందులో పెట్టాను. ఈసారి పల్చగానే ఉంది, నొక్కి చూసుకో. నువ్వు విప్పకుండా తిప్పి పంపినప్పుడు గండం గడిచిందనుకున్నాను. గడవలేదు, నాతోనే ఉంది. చదువు. చదివాక ఈ ఎనభై నాలుగు నీకు అక్కర్లేదనిపిస్తే చింపెయ్.

మేనత్త

మెరాన్, 29 ఏప్రిల్

అత్తా,

చదివాను. మూడుసార్లు చదివాను. భోజనాల దగ్గర నవ్వినదాన్నీ నేనే, నీ పేరు చెప్పి మరీ నవ్వించినదాన్నీ నేనే. సిగ్గుగా ఉంది. నువ్వు ‘ఎవరి గురించి చెప్పారు’ అని అడిగినప్పుడే నాకు తట్టాల్సింది. ఆ మాట అడిగిన మనిషికి నేను చీజ్ గురించి రాశాను.

కంప్యూటర్ జవాబు ఇప్పుడు చెప్పొచ్చు. ఎనభై ఏడు. తేడా మూడు. ఆ మూడూ నువ్వు తెలియలేదని రాసిన పదకొండులోనే ఉన్నాయి. లోరెటాన్ గారికి చూపిస్తే రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత "ఈ కళ్లనా వాళ్లు ఇంకోసారి చూడమంది?" అన్నారు. ఆయనకు నీ సంగతంతా చెప్పాను, కోప్పడకు. బోర్డు మీద గీతల్ని చూసి ఇకమీద ఆ కాఫీ మాట అనరట.

1980 సంగతి మాత్రం నేను తేల్చలేను. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. ఆ బొమ్మలు ఇప్పుడు లేవు. అరవై ఒకటి సరైనదని నాకు అనిపిస్తోంది గానీ, ఒక్కరి లెక్క మీద మేం దేన్నీ తేల్చం. నువ్వు నా అత్తవని తేల్చేస్తే అదీ ఇంకో హార్‌బెక్ పనే అవుతుంది.

నీ ఇమ్కె

మెరాన్, 16 మే

అత్తా,

నిన్న నీ చేతిలో కాగితం, ఇక్కడ ఫోన్ చుట్టూ పద్నాలుగు మందిమి. తెరమీద సున్నా పాయింటు ఒకటి నాలుగు ఒకటి. నువ్వు "సున్నా పాయింటు సున్నా రెండు రెండు" అన్నావు. లోరెటాన్ గారు "అంకె ముందు మైనస్ గీత ఉందా అడుగు" అన్నారు. గీత ఉంటే కలపాలి, లేకపోతే తీసేయాలి. కలిపితే మేం పరువుతో బయట తిరగలేం. నువ్వేమో తాపీగా "ఉండండి, అద్దాలు తుడుచుకోనివ్వండి. గీత కాదది, కాగితం మడత" అన్నావు. ఇక్కడ ఇద్దరు కుర్చీల్లో కూలబడ్డారు.

సున్నా పాయింటు ఒకటి ఒకటి తొమ్మిది. మిగతా ల్యాబులవాళ్లు వేరే దారుల్లో కొలిచినదానికి పక్కనే వచ్చి నిలబడింది. మేం దాన్ని అక్కడ నిలబెట్టలేదు, అదే వచ్చింది. సాయంత్రం సరస్సు దాకా నడిచి వెళ్లి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లు తేలికైంది.

ఈ కొలత మీద రాసే వ్యాసంలో చివర నీ పేరు వేస్తున్నాం. బొమ్మలు చూసింది వీబ్కె పెటర్సెన్ అని. వద్దన్నా వేస్తాం.

నీ ఇమ్కె

ట్యోనింగ్, 25 మే

ఇమ్కె తల్లీ,

వేయండి. వద్దనను.

నీ ఫోన్ అయ్యాక మర్నాడు ఇంకో ఫోన్ చేశాను. ఆ గదిలో నా పక్క బల్ల గెసీనెది. ఇప్పుడు కీల్‌లో ఉంటోంది. ఆ శరదృతువు తర్వాత నేనే తనని తప్పించుకు తిరిగాను, పండక్కి కార్డు కూడా పంపలేదు. తన కళ్లకు కనబడింది నా కళ్లకు కనబడలేదన్న చిన్నతనం. ఒక్కరి లెక్క మీద దేన్నీ తేల్చం అని నువ్వు రాశావు కదా, రెండో మనిషిని అడగాల్సింది నేనే అనిపించింది.

అటునుంచి "ఏ వీబ్కె?" అంది. చెప్పాను. "ఇన్నేళ్లకు గుర్తొచ్చానా మహాతల్లీ" అని ఐదు నిమిషాలు దులిపేసింది. దులపనిచ్చాను. తర్వాత అడిగాను, "గెసీనె, ఆ వెయ్యి బొమ్మల్లో నీకు మొదటిసారి ఎన్నొచ్చాయి?"

అటువైపు కుర్చీ లాగి కూర్చున్న చప్పుడైంది.

"అరవై రెండు" అంది. "నీకెందుకిప్పుడు? నీకు డెబ్బై ఎనిమిది వచ్చిందనే కదా హార్‌బెక్ నన్ను మూడుసార్లు కూర్చోబెట్టాడు."

"నాకు మొదట అరవై ఒకటే వచ్చింది గెసీనె. నీకు డెబ్బై ఎనిమిది వచ్చిందనుకున్నాను."

"మరైతే డెబ్బై ఎనిమిది ఎవరికొచ్చింది?"

ఇద్దరికీ తెలియదు. తను ఆ గదిలోనే ఉన్న ఎల్కెని అడుగుతానంది, ఎల్కె లెక్క కూడా అరవై దగ్గర్లోనే ఉంటుందని నాకు అనిపిస్తోంది. అడగకపోయినా పరవాలేదు. నేను ఏడ్చాను, ఇమ్కె. గెసీనె కూడా ఏడ్చి, "కళ్లద్దాలు మార్పించుకున్నానే నేను, ఆ వారమే" అని చెప్పి నవ్వింది. ఒకే గదిలో రెండడుగుల దూరంలో కూర్చుని, ఒకే నిజం చూసి, పక్కవాళ్లకు భయపడి ఇద్దరం చెరిపేసుకున్నాం. కోపం రావాల్సిన చోట నాకు హాయిగా ఉంది. ఏం చెయ్యను, పద్దెనిమిదేళ్ల తర్వాత నా కళ్లు నాకు తిరిగొచ్చాయి.

గెసీనె ఈ శనివారం రైలెక్కి వస్తోంది. మీ నాన్నని రొయ్యలు తెమ్మన్నాను.

వ్యాసంలో ఎనభై నాలుగు వేస్తారు, అది మీ బొమ్మలకు. ఆ పాత వెయ్యి బొమ్మల్లో నా లెక్క అరవై ఒకటి. ఇకమీద ఎవరడిగినా అదే చెబుతాను.

నీ మేనత్త
వీబ్కె